ఊళ్లో జాగా ఉన్నా అమ్మ పేరు ఎల్‌-2లో పడింది: ఇందిరమ్మ ఇంటి కోసం ఎదురుచూడాలా, జాబితా సరిచేయించుకోవాలా?

ప్రశ్న: ఊరికి దూరంగా

అందరికీ నమస్కారం. మాది ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని ఒక పల్లె. నాన్న ఆరేళ్ల కిందట చనిపోయారు. అమ్మ కూకట్‌పల్లి దగ్గర ఒక హాస్టల్‌లో వంట చేస్తుంది, నేను మందుల గోదాములో లెక్కలు రాస్తాను, ఇద్దరం ఒక్క గదిలో కిరాయికి ఉంటున్నాము. మా ఆధార్, రేషన్ కార్డు రెండూ ఊరి చిరునామాతోనే ఉన్నందున, 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు పథకాలకు దరఖాస్తులు తీసుకునే ప్రజాపాలన సభలు జరిగినప్పుడు అమ్మ ఒక రోజు సెలవు పెట్టుకొని ఊరికి వెళ్లి, ఇల్లు కట్టుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం సాయం చేసే ఇందిరమ్మ ఇంటికి దరఖాస్తు ఇచ్చి వచ్చింది. ఆ రోజు ఇచ్చిన రసీదు ఇప్పటికీ మా దగ్గర భద్రంగా ఉంది.

ఊళ్లో మాకు తాత కట్టిన పెంకుటిల్లు ఉండేది. గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్లకు వదిలిన స్థలంలో, 120 గజాల జాగా అది. 2022 జులై వానలకు దక్షిణం గోడ కూలి, దూలం ఒరిగి, పెంకులన్నీ జారిపోయాయి. ఇప్పుడు అక్కడ నడుము ఎత్తు మొండిగోడలు, తలుపు లేని దర్వాజా, మధ్యగదిలో మొలిచిన ఒక వేపచెట్టు తప్ప ఏమీ లేవు. ఇంటి పన్ను రసీదు మాత్రం ఇప్పటికీ తాత పేరు మీదే వస్తోంది. ఆ జాగాలో సగం మా చిన్నాన్నది. ఆయన పక్క వీధిలో వేరే స్లాబు ఇల్లు కట్టుకున్నారు గానీ, వాటాల గురించి మా మధ్య కాగితం మీద రాసుకున్నది ఏదీ లేదు.

2024 డిసెంబరులో సర్వేకు వచ్చిన రోజు అమ్మ ఊళ్లో లేదు. పక్కింటివాళ్లు అడిగినదానికి సమాధానంగా, "వాళ్లు పట్నంలో ఉంటారు, ఇక్కడ ఇల్లు లేదు" అని చెప్పారట. వాళ్లు అబద్ధమేమీ చెప్పలేదు. కానీ ఇప్పుడు వెబ్‌సైటులో దరఖాస్తు నంబరు కొట్టి చూస్తే మేము ఎల్‌-2లో, అంటే సొంత జాగా కూడా లేనివారి జాబితాలో కనిపిస్తున్నాము. పంచాయతీ కార్యదర్శి గారిని అడిగితే, ముందు ఎల్‌-1 (జాగా ఉన్నవారి జాబితా) పూర్తి కావాలి, మీ వంతు వచ్చేవరకు ఆగండి అన్నారు. పక్క ఊళ్లో మాత్రం జనవరి 26న ఒకేసారి అందరికీ మంజూరు పత్రాలు ఇచ్చేశారు. మా వంతు ఎప్పుడు వస్తుందో చెప్పేవారు లేరు.

నేను తెలుసుకోదలచినవి ఇవి. ఎల్‌-2 నుంచి ఎల్‌-1కు మార్పించుకోవడం సాధ్యమేనా? జాగా తాత పేరు మీద, అందులోనూ ఉమ్మడిగా ఉంటే ఒప్పుకుంటారా? ఎలాగూ హైదరాబాదులోనే ఉంటున్నాము కాబట్టి ఎల్‌-2లోనే ఉండి నగరంలో ప్రభుత్వం కట్టించి ఇచ్చే డబుల్ బెడ్‌రూం ఇంటి కోసం చూడటం మేలా? ఇవి గాక, ఊళ్లో ఒకాయన ఇరవై వేలు ఇస్తే పేరు పై జాబితాలో పెట్టిస్తానని అమ్మకు ఫోన్ చేశాడు. అమ్మ సగం నమ్మింది. ఆమెకు ఏమని నచ్చజెప్పాలో కూడా చెప్పగలరు.

జవాబు: మాజీ వర్క్ ఇన్‌స్పెక్టర్

నేను గృహనిర్మాణ శాఖలో క్షేత్రస్థాయి ఉద్యోగం చేసి విరమించినవాడిని. 2006లో మొదలైన మొదటి ఇందిరమ్మ కార్యక్రమంలో పునాదులకు ముగ్గులు పోయించిన చేతులు ఇవి. ఇప్పటి పథకాన్ని బయటి నుంచే చూస్తున్నాను గానీ, మా పాత మండలంలో అడిగినవారికి దరఖాస్తులు రాసిపెడుతున్నాను.

ముందు మీ ప్రశ్నలో ఉన్న ఒక అపోహ సంగతి. ఎల్‌-1, ఎల్‌-2, ఎల్‌-3 అనేవి వంతులు కావు. యూరియా కోసం సొసైటీ ముందు చెప్పులు వరుసలో పెట్టి, ముందువాళ్లు కదిలితే మనం కదిలినట్టు ఇక్కడ జరగదు. ఎల్‌-1 అంటే సొంత జాగా ఉండి పక్కా ఇల్లు లేనివారు, ఎల్‌-2 అంటే జాగా కూడా లేనివారు, ఎల్‌-3 అంటే ఇప్పటికే ఇల్లు ఉన్నవారు. ఇది సర్వే రోజున కంటికి కనిపించినదాన్ని బట్టి చేసిన విభజన మాత్రమే. మీరు ఎల్‌-2లో ఎన్నేళ్లు ఉన్నా, ఉన్న కాలాన్ని బట్టి ఎల్‌-1లోకి జరగరు. రికార్డులో "జాగా లేదు" అన్న మాట "జాగా ఉంది" అని మారితేనే జరుగుతారు. అందువల్ల కార్యదర్శి గారు ఆగమన్నది జాగా నిజంగా లేనివారికి సరిపోయే సలహా. మీరు ఆగితే పొరపాటు అలాగే స్థిరపడుతుంది.

పక్క ఊరి సంగతి కూడా దీనితో ముడిపడినదే. 2025 జనవరి 26న మండలానికి ఒక గ్రామాన్ని తీసుకొని, ఆ గ్రామంలోని అర్హులకు ఒకేసారి మంజూరు ఇచ్చారు. మీ పక్క ఊరు ఆ గ్రామమై ఉంటుంది. వాళ్లు మీకంటే ముందు దరఖాస్తు చేసినందుకు రాలేదు, ఆ ఊరిని ఎంచుకున్నందుకు వచ్చింది. మిగతా ఊళ్లకు నియోజకవర్గానికి 3,500 ఇళ్ల లెక్క ఉంది. 119 నియోజకవర్గాలకు కలిపితే 4,16,500 అవుతుంది. తొలి విడతగా ప్రకటించిన నాలుగున్నర లక్షల్లో మిగిలినవి ప్రభుత్వం తన దగ్గర ఉంచుకుంది. ఇంటి కోసం వచ్చిన దరఖాస్తులేమో దాదాపు 80 లక్షలు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే, అర్హత ఉన్న ఎల్‌-1 కుటుంబానికి కూడా తొలి విడతలో రాకపోవడం ఎందుకు సహజమో మీకే అర్థమవుతుంది. ఊరి కోటాలో ఎవరి పేర్లు ముందు పంపాలో ఇందిరమ్మ కమిటీ సూచిస్తుంది. దానికి సర్పంచ్ గానీ, పాలకవర్గం గడువు తీరిన చోట ప్రత్యేకాధికారి గానీ అధ్యక్షులు, పంచాయతీ కార్యదర్శి కన్వీనర్, మహిళా సంఘాల సభ్యులు ఇద్దరు ఉంటారు. ఒంటరి మహిళలకు, వితంతువులకు, దివ్యాంగులకు, భూమిలేని కూలీలకు, పారిశుద్ధ్య కార్మికులకు ప్రాధాన్యం ఇవ్వాలన్నది ప్రభుత్వం చెప్పిన మాట. మీ అమ్మగారు ఆ ప్రాధాన్యంలోకి వస్తారు. కానీ ఎల్‌-2లో ఉన్నంతకాలం, ఆ ప్రాధాన్యాన్ని చూసే చోటికి ఆమె కాగితం చేరదు.

ఇక చేయవలసిన పని. సర్వే యాప్‌లో పైకప్పు రకం, గోడల రకం, జాగా ఉందా లేదా అన్న వివరాలతో పాటు అక్కడి ఫొటోలు కూడా ఎక్కించారు. మీ విషయంలో ఆ ఫొటో తీయలేదు, లేదా వేరే చోట తీశారు. కాబట్టి "మా జాగాను మళ్లీ వచ్చి చూడండి" అని రాతపూర్వకంగా అడగాలి. దరఖాస్తులో కష్టాలు రెండు వాక్యాలకు మించి రాయకండి. ప్రజాపాలన రసీదు నంబరు, సర్వే రోజు ఇంటివాళ్లు లేరన్న విషయం, జాగా హద్దులు, ఇంటి నంబరు స్పష్టంగా రాయండి. దానికి ఇంటి పన్ను రసీదులు, తాత, నాన్నగార్ల మరణ ధ్రువీకరణ పత్రాలు, మీసేవ ద్వారా తహసీల్దారు కార్యాలయం ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం జతచేయండి. పాత కరెంటు బిల్లు దొరికితే అదీ పెట్టండి. మొదట మండల అభివృద్ధి అధికారి (ఎంపీడీవో) కార్యాలయంలో ఇచ్చి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. రెండు వారాల్లో కదలిక లేకపోతే అదే నకలుతో సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి వెళ్లండి. నకలు మీద ముద్ర లేకుండా ప్రజావాణికి వెళ్లినవారిని మళ్లీ మండలానికే పంపుతారు. నేను చూసిన పదింటిలో ఏడు అలా తిరిగివచ్చినవే.

ఉమ్మడి జాగా గురించి: గ్రామకంఠం జాగాలకు చాలా ఊళ్లలో రిజిస్ట్రేషన్ కాగితం ఉండదు, అది అధికారులకూ తెలుసు. కానీ వాటాదారు అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. 120 గజాల్లో మీ వాటా 60 గజాలు, అంటే 540 చదరపు అడుగులు. ఈ పథకంలో ఇల్లు కనీసం 400 చదరపు అడుగులు ఉండాలి కాబట్టి జాగా సరిపోతుంది, అయితే వెనకా ముందూ పెద్దగా మిగలదు. ఏ వైపు ఎవరిదో ఇప్పుడే గీత గీసుకొని రాసుకోండి. ముగ్గు పోసిన రోజు గొడవ వస్తే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) మరొక మాట లేకుండా వెళ్లిపోతారు. ఇంటి మంజూరు పత్రం జాగాకు హక్కు పత్రం కాదన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. మీ చిన్నాన్నతో సఖ్యత ఉన్నప్పుడే పంపకాల పత్రం రిజిస్టరు చేయించుకోవడం మంచిది.

చివరిది, కాస్త ఇబ్బందికరమైనది. మీ తాత పేరు మీద గానీ, నాన్న పేరు మీద గానీ గతంలో సర్కారు ఇల్లు మంజూరైనట్టు పాత రికార్డుల్లో ఉందేమో హౌసింగ్ వాళ్ల దగ్గర విచారించండి. కట్టని ఇళ్లకు బిల్లులు ఎత్తిన ఉదంతాలు ఆ రోజుల్లో ఉన్నాయి. వాటి మీద 2014లో సీఐడీ విచారణ కూడా వేశారు. తన పేరున ఇల్లు ఉన్నదని ఇరవై ఏళ్ల తర్వాత తెలుసుకున్నవారిని నేను చూశాను. అటువంటిది బయటపడితే ఇప్పుడే చెప్పుకోవాలి, మంజూరు తర్వాత కాదు.

జవాబు: స్లాబు దాకా వచ్చాం

తమ్ముడూ, పై పెద్దాయన చెప్పినది కాగితాల సంగతి. నేను డబ్బు సంగతి చెబుతాను, ఎందుకంటే ఎల్‌-1లో పేరు వచ్చిన తర్వాత మా ఊళ్లో చాలామంది ఆగిపోయింది అక్కడే. మాది కరీంనగర్ వైపు పల్లె. మేము మొదటి విడతలో మంజూరైనవాళ్లం, ఈ నెలలో స్లాబు పోశాము.

ఐదు లక్షలు ఇస్తారన్నది నిజమే, అది నాలుగు దఫాలుగా వస్తుందన్నదీ నిజమే. అయితే ప్రతి దఫా, ఆ పని పూర్తయిన తర్వాతే వస్తుంది. మొదటి లక్ష బేస్‌మెంట్‌ అయ్యాకనే. అంటే గుంతలు తవ్వించి, పిల్లర్లకు సలాక కట్టించి, రాయి, కంకర, సిమెంటు తెచ్చి, మొరం నింపించేదాకా ఖర్చంతా మనదే. మాకు అక్కడికే లక్షా ముప్పై వేలు దాటింది. మా ఆయన చేతిలో ఉన్నది నలభై వేలు. మహిళా సంఘంలో లక్ష అప్పు ఇస్తామన్నారు కాబట్టి గట్టెక్కాము. మీ అమ్మగారు పట్నంలో ఉన్నారు కదా, ఊళ్లో మహిళా సంఘంలో ఆమె పేరు ఇంకా ఉన్నదో లేదో అడిగి చూడండి. పొదుపు కట్టడం ఆపేస్తే పేరు తీసేసి ఉంటారు. పేరు ఉంటే మాత్రం ఆ అప్పు మీద ఆశ పెట్టుకోవచ్చు, వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లే పని తప్పుతుంది.

కొలతల విషయంలో జాగ్రత్త. 400కు తక్కువైనా, 600 చదరపు అడుగులకు మించినా బిల్లు రాదు. మా వీధిలో ఒకరు, కొడుకు పెళ్లికి ఉంటుందని ముందు ఒక గది కలిపి ముగ్గు పోయించారు. బేస్‌మెంట్‌ ఫొటో తీయడానికి వచ్చినవాళ్లు టేపు పట్టి చూసి, లెక్క 640 దాటిందని రాసుకొని వెళ్లిపోయారు. ఆ ఇంటామె పూర్తి చేసిన రాతికట్టును ఒక పక్క పగలగొట్టించి, మళ్లీ వాళ్లను పిలిపించుకోవడానికి నెలన్నర పట్టింది. మేస్త్రీకి ఈ నిబంధన తెలియదు, తెలిసినా పట్టించుకోడు, ఎక్కువ కడితే ఆయనకు ఎక్కువ కూలి. మీరే నక్షా చేతిలో పెట్టుకొని ముగ్గు దగ్గర నిలబడాలి.

ఫొటో తీసే రోజు ఇల్లు ఎవరి పేరున మంజూరైందో ఆమె కట్టడం ముందు నిలబడాలి. మంజూరు ఆడవాళ్ల పేరు మీదే ఇస్తున్నారు కాబట్టి మీ అమ్మగారు ప్రతి దశకూ ఊరికి రావలసి ఉంటుంది. మా చోట సిగ్నల్ లేక ఫొటో ఎక్కలేదు. ఫొటో తీసే పిల్లవాడు, కార్యదర్శి, నేను ముగ్గురం వాటర్ ట్యాంకు దగ్గరి ఎత్తు దాకా నడిచి వెళ్తే, ఇంటి ముందే తీయాలన్న నిబంధన వల్ల యాప్ ఒప్పుకోలేదు. మళ్లీ మరుసటి రోజు వచ్చారు. ఇవి చెప్పుకుంటే నవ్వొచ్చే విషయాలే గానీ, హాస్టల్‌లో వంట చేసే మనిషికి రెండు రోజుల సెలవంటే రెండు రోజుల జీతం.

ఇంకొక్క సంగతి. డబ్బు మనం రాసిచ్చిన ఖాతాలో పడుతుందనుకున్నాను. అది ఆధార్‌తో చివరిసారి అనుసంధానమైన ఖాతాలో పడింది. ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతా అది, పాసుబుక్ ఎక్కడుందో కూడా తెలియదు. పదిహేను రోజులు "ఇంకా రాలేదు" అని తిరిగాక, బ్యాంకు మిత్ర వేలిముద్ర పెట్టించి చూస్తే లక్ష అక్కడ పడి ఉంది. మీ అమ్మగారి ఆధార్ ఏ బ్యాంకుకు అనుసంధానమై ఉందో, పేరు అక్షరాలు రెండు చోట్లా ఒకేలా ఉన్నాయో ఇప్పుడే చూసిపెట్టుకోండి. ఇసుక ఉచితంగానే ఇచ్చారు, కానీ ట్రాక్టరు కిరాయి మనదే.

ఇవన్నీ భయపెట్టడానికి రాయలేదు. స్లాబు పోసిన రాత్రి మా అత్తమ్మ దాని కింద చాప వేసుకొని పడుకుంది, సెంట్రింగ్ కర్రల మధ్య. వద్దంటే వినలేదు.

జవాబు: నగరంలో కిరాయిదారు

నగరంలో చూడవచ్చునా అన్న మీ మూడో ప్రశ్నకు నా అనుభవం పనికి రావచ్చు. గత ప్రభుత్వ కాలంలో మేము జీహెచ్‌ఎంసీ పరిధిలో డబుల్ బెడ్‌రూం ఇంటికి దరఖాస్తు చేసి, అదృష్టం కొద్దీ 2023లో జరిగిన లాటరీలో ఇల్లు పొందినవాళ్లం. అదృష్టం అన్న మాట అలవాటుగా వాడలేదు. నగరానికి అనుకున్నది లక్ష ఇళ్లు, దరఖాస్తులు దాదాపు ఏడు లక్షలు. కంప్యూటర్ తీసిన డ్రాలో పేరు రావడం తప్ప అక్కడ వంతు అనేది లేదు. పేరు వచ్చినవారికి ఒక్క రూపాయి ఖర్చు లేకుండా 560 చదరపు అడుగుల ఇల్లు దక్కింది. రానివారు ఎన్నేళ్లుగా ఎదురుచూస్తున్నారన్నది లెక్కలోకి రాలేదు.

ఆ ఇళ్లలో ఎక్కువ భాగం నగరం అంచున ఉన్నాయి. అన్నిటికంటే పెద్దదైన కొల్లూరు సముదాయంలో 15,660 ఇళ్లు ఉన్నాయి, అది అవుటర్ రింగ్ రోడ్డు దగ్గర, సంగారెడ్డి జిల్లాలో ఉంది. మాకు వచ్చింది మరో శివారు సముదాయం, పేరు చెప్పను. నా భార్య ఇళ్లలో పని చేసే కాలనీకి అక్కడి నుంచి రెండు బస్సులు మారాలి, తెల్లవారుజామున మొదటి బస్సు దొరకదు. ఆరు నెలలు తిరిగి, చివరికి పని దగ్గరే మళ్లీ ఒక గది కిరాయికి తీసుకున్నాము. ఆదివారాలు సొంత ఇంటికి వెళ్లి ఊడ్చి, దీపం పెట్టి వస్తాము. ఇలా ఉంచకూడదని, తనిఖీలో తాళం వేసి కనిపిస్తే నోటీసు ఇస్తారని తెలుసు, ఆ భయంతోనే మా అమ్మను అక్కడ ఉంచాము. మీ అమ్మగారు హాస్టల్ వంట అంటే తెల్లవారుజామునే పొయ్యి వెలిగించాలి కదా. ఇల్లు ఎక్కడ వస్తుందన్నది కూడా లెక్కలో వేసుకోండి.

మీరు అనుకోనిది మరొకటి ఉంది. మీ దరఖాస్తు ఊరి నుంచి ఇచ్చినది. మీ ఎల్‌-2 ఆ గ్రామపు ఎల్‌-2. అందులో ఉన్నంత మాత్రాన హైదరాబాదు ఇళ్ల లెక్కలోకి మీరు రారు. నగరంలో అడగాలంటే చిరునామా, రేషన్ కార్డు ఇక్కడికి మారాలి, అవి మారితే ఊళ్లో అడిగే హక్కు పోతుంది. రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టు అవుతుంది. కేంద్ర పథకం సంగతీ అంతే. 2024 సెప్టెంబరులో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండో దశలో ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి సాయం ఉంది గానీ, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు, గత ఇరవై ఏళ్లలో ఏ ప్రభుత్వ గృహ పథకం కిందా లబ్ధి పొంది ఉండకూడదు. అంటే జీవితంలో ఒక్కసారి తీసుకునే నిర్ణయం ఇది. ఊళ్లో తీసుకుంటే నగరంలో ఆశ వదులుకోవాలి. నన్ను అడిగితే, చేతిలో ఉన్న 60 గజాలను వదలను.

జవాబు: అనుభవజ్ఞుడు

ఇంత శ్రమ అనవసరం. కమిటీలో ఉన్నవాళ్లంతా ఒక పార్టీవాళ్లే, వాళ్లకు నచ్చినవారికే వస్తుంది. మా ఊళ్లో కారు ఉన్నవాడికి వచ్చింది, గుడిసెలో ఉన్న ముసలామెకు రాలేదు. ఆ ఇరవై వేలు అడిగినవాడు ఒక విధంగా నిజాయితీపరుడు, మిగతావాళ్లు ఆ మాట నోటితో చెప్పరు, అంతే తేడా.

జవాబు: మాజీ వర్క్ ఇన్‌స్పెక్టర్

అనుభవజ్ఞుడు గారి కోపంలో నిజం ఉంది. కమిటీలో ఎవరు కూర్చున్నారన్నది జాబితా మీద కనిపిస్తుంది, కాదనను. అయితే కమిటీ పంపిన పేరును కూడా అధికారులు మళ్లీ తనిఖీ చేస్తారు, మీరు చెప్పిన కారు ఉన్నవాడి విషయంలో ఫిర్యాదు ఇస్తే మంజూరు రద్దయ్యే అవకాశం ఉంది. ఆ ముసలామె తరఫున ఎవరైనా ఒక కాగితం రాసి ఇచ్చారా అన్నది నా ప్రశ్న. చాలా ఊళ్లలో అందరూ అరుగు మీద మాట్లాడతారు, రాసి ఇచ్చేవారు ఉండరు.

ఇరవై వేల మనిషి గురించి అడిగినవారికి: మీ అమ్మగారికి ఇలా చెప్పండి. ఎల్‌-2లో ఉన్న పేరును ఎల్‌-1లోకి తేవాలంటే జాగా ఫొటో కావాలి. ఆ ఫొటో తీసే అధికారం అతనికి లేదు. ఒకవేళ రేపు మీ దరఖాస్తు న్యాయంగానే కదిలితే, అది తన వల్లే కదిలిందని చెప్పుకొని ప్రతి బిల్లుకూ మళ్లీ చేయి చాపుతాడు. కదలకపోతే డబ్బు తిరిగి ఇవ్వడు. రెండు విధాలా నష్టమే. అడుగుతున్నది ప్రభుత్వ ఉద్యోగి అయితే అవినీతి నిరోధక శాఖకు 1064 నంబరులో చెప్పవచ్చు. బయటి మనిషి అయితే పోలీసులకు చెప్పాలి. ఏదైనా ఫోన్‌లో మాట్లాడినది పోగొట్టుకోకండి.

అడిగినవారి నుంచి: ఊరికి దూరంగా

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. మీ జవాబులన్నీ అమ్మకు చదివి వినిపించాను. స్లాబు కింద చాప వేసుకున్న అత్తమ్మ గురించి మళ్లీ ఒకసారి చదవమంది.

ఊరికి వెళ్లి చిన్నాన్నతో మాట్లాడాము. మొదట ఆయన మొహం ముడుచుకున్నారు. గీత గీయడమంటే వేపచెట్టు ఎవరి వైపు పడుతుందన్న దగ్గర ఒక పూట గడిచింది. చివరికి చెట్టు ఆయన వైపు, పాత బావి గట్టు మా వైపు అని ఒప్పందానికి వచ్చి, ఇద్దరు పెద్దమనుషుల ముందు అభ్యంతరం లేదని సంతకం పెట్టారు. రిజిస్ట్రేషన్ మాత్రం పంట చేతికొచ్చాక చేద్దామన్నారు, ఖర్చు సగం సగం. పిన్ని మా కోసం పాత ఇనప్పెట్టె దింపి వెతికితే, తాత పేరుతో ఉన్న ఇంటి పన్ను రసీదులు పన్నెండు దొరికాయి. వాటిలో అన్నిటికంటే పాతది చెదలు తినగా సగమే మిగిలింది గానీ ఇంటి నంబరు కనిపిస్తోంది.

పెద్దాయన చెప్పినట్టు హౌసింగ్ వాళ్ల దగ్గర అడిగాము. తాత పేరున, నాన్న పేరున ఏమీ లేదన్నారు. ఆ మాట రాసివ్వమంటే మాత్రం రాసివ్వలేదు. ఎంపీడీవో కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకున్నాము. అక్కడి గుమాస్తా గారు ముద్ర ఎందుకని ఒకటికి రెండుసార్లు అడిగారు. తొమ్మిది రోజుల తర్వాత కార్యదర్శి గారు ఫోన్ చేసి, ఫొటో తీయడానికి వస్తున్నాము, అమ్మ ఉండాలి అన్నారు. అమ్మ ముందు రోజు రాత్రి బస్సుకే వెళ్లింది. తలుపు లేని దర్వాజా ముందు ఆమెను నిలబెట్టి నాలుగు వైపుల నుంచి తీసుకున్నారు.

వెబ్‌సైటులో ఈ ఉదయం కూడా ఎల్‌-2 అనే చూపిస్తోంది. వచ్చే సోమవారం ప్రజావాణికి నకలు తీసుకొని నేను వెళ్తున్నాను. అమ్మ పేరు మహిళా సంఘంలో నాలుగేళ్ల కిందటే తీసేశారట. హైదరాబాదులో ఉంటూ ఊరి సంఘంలో మళ్లీ చేరడానికి వీలుందా, లేక ఆ మొదటి లక్షకు వేరే దారి చూసుకోవాలా అన్నది తెలిసినవారు చెప్పగలరు. ఇరవై వేలు అడిగినాయన మళ్లీ ఫోన్ చేశాడు. జాగా ఫొటో నువ్వు తీస్తావా అని అమ్మ అడిగిందట, ఆయనే ఫోన్ పెట్టేశాడు.